నేల టికెట్టుకైనా బొమ్మ ఒకటే

మాదాపూర్, కొండాపూర్ హాస్టళ్ల హాళ్లలో గోడకు బిగించిన టీవీలను ఒకసారి వెనకవైపు నుంచి చూడాలి. ముందు నలభై మూడు అంగుళాల తెర, అంచున ‘ఫుల్ హెచ్‌డీ’ అన్న స్టిక్కరు. వెనక చాలాచోట్ల సెట్ టాప్ బాక్సు నుంచి వచ్చి గుచ్చుకున్న మూడు తీగలు: పసుపు, ఎరుపు, తెలుపు. ఎరుపు, తెలుపు ధ్వనికి పోగా బొమ్మ బరువంతా ఆ ఒక్క పసుపు తీగ మీదే. పాత డబ్బా టీవీల కాలంలో పుట్టిన ఆ తీగ హెచ్‌డీని మోయలేదు. పైగా 4:3 కొలతలో వచ్చే పాత బొమ్మను 16:9 తెరకు సరిపెట్టాలని ఎవరో రిమోట్ నొక్కి సాగదీస్తారు. హీరోయిన్ చెంపలు ఉబ్బుతాయి, క్రికెట్ బంతి కోడిగుడ్డవుతుంది. చిప్‌లు రూపొందించే క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ లాంటి సంస్థల కార్యాలయాలున్న ప్రాంతంలోనే ఇదీ పరిస్థితి. తీగ మార్చుకోవడానికి బద్ధకించినవాళ్ల తప్పేనని కొట్టిపారేయవచ్చు. కానీ తీగ మార్చినా చాలామందికి బొమ్మ మారదు. వాళ్ల బాక్సు ఎస్‌డీది, అంటే పాత మామూలు నాణ్యతది; వాళ్ల ప్యాకూ ఎస్‌డీదే. టీవీ, బాక్సు, చానెల్ మూడూ కుదిరితేనే హెచ్‌డీ. ఆ మూడింటినీ మూడు వేర్వేరు సరుకులుగా అమ్మడంలోనే ఉంది తిరకాసు.

అందుకే హెచ్‌డీని విడి చానెల్‌గా అమ్మడం ఇక ఆపాలి. ఒక చానెల్‌కు ఒకే ప్రసారం, ఒకే ధర ఉండాలి. ఆ ప్రసారం హెచ్‌డీదై ఉండాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన ఏడాది, దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. అప్పుడు రంగులకో దూరదర్శన్, నలుపు తెలుపులకో దూరదర్శన్ పెట్టలేదు. వెళ్లిన సంకేతం ఒక్కటే. రంగుల టీవీ కొన్నవారికి రంగుల్లో, పాత టీవీ ఉన్నవారికి నలుపు తెలుపుల్లో అదే కార్యక్రమం కనిపించింది. ఎవరి టీవీకి ఎంత చేతనైతే అంత చూపించింది. కొత్త టీవీ కొన్న రోజే కొత్త బొమ్మ వచ్చింది తప్ప ప్యాకు మార్చమని ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం రాలేదు.

హెచ్‌డీ అంటే కాస్త మెరుగైన బొమ్మ అనుకుంటే పొరపాటు. మన ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి, మొత్తం 4,14,720. హెచ్‌డీలో 1920, 1080, మొత్తం 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. థియేటర్లలో వాడే 2కే డిజిటల్ ప్రమాణంలో అడ్డం చుక్కలు 2048. చుక్కల లెక్కలో ఇంటి తెర సినిమా హాలు తెరకు ఇంచుమించు చేరుకుందన్నమాట. తెలుగువారికి దీంట్లో మరో లాభముంది, అది మన లిపి వల్ల. ఇంగ్లిషు అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. మన అక్షరం తలమీద తలకట్టో గుడో మోస్తూ, కింద ఒత్తులు వేలాడేసుకుని నడుస్తుంది. వార్తా చానెల్ అడుగున పరిగెత్తే స్క్రోలింగులో ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాట చూడండి. ష కింద ట ఒత్తు, దాన్ని అంటుకుని ర ఒత్తు. ఎస్‌డీలో, అందులోనూ బాగా కుదించిన ప్రసారంలో, ఆ రెండూ కలిసి మసి ముద్దవుతాయి. కళ్లద్దాలు సవరించుకుంటూ చదివే పెద్దవాళ్లకు ఆ అక్షరం తేటగా కనిపించడం విలాసం కాదు, అవసరం. అయినా తెలుగు వార్తా చానెళ్లలో అనేకం ఇంకా ఎస్‌డీలోనే వస్తున్నాయి.

మంచి అవకాశం ఒకటి మన చేతికొచ్చి జారిపోయింది. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్‌డీలో చూపించింది. ఆ రోజుల్లోనే డీటీహెచ్ సంస్థలు హెచ్‌డీ బాక్సులను బజారులోకి తెచ్చాయి. 2011లో జెమినీ టీవీ హెచ్‌డీ రూపంలో వచ్చింది. డిష్ పెట్టుకున్నవాళ్ల సంగతి అలా ఉండగా, కేబుల్ ఇళ్లకు హెచ్‌డీ రావాలంటే ముందు కేబుల్ డిజిటల్ కావాలి. 2011లో సవరించిన కేబుల్ టీవీ చట్టం ప్రకారం నాలుగు మహానగరాల తర్వాత రెండో దశలో 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు పెట్టారు. ఆ జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. బాక్సు లేనిదే బొమ్మ రాదని చట్టమే చెప్పి ఇంటింటికీ ఓ పెట్టె చేర్చిన సమయమది. ఆ పెట్టె హెచ్‌డీని విప్పగలిగేదై ఉండాలని కూడా అప్పుడే అడిగి ఉంటే కథ మరోలా ఉండేది. చట్టం డిజిటల్‌ను అడిగింది, నాణ్యతను అడగలేదు. చవగ్గా దొరికిన ఎస్‌డీ బాక్సులు ఇళ్లకు చేరాయి. తెరమీద చుక్కల వాన పోయింది, మసక మాత్రం మిగిలింది.

తర్వాత వచ్చిన ధరల విధానం ఈ చీలికకు ముద్ర వేసింది. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అమలుచేసిన పద్ధతిలో మొదటి వంద ఎస్‌డీ చానెళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఒక హెచ్‌డీ చానెల్‌ను రెండు ఎస్‌డీ చానెళ్లుగా లెక్కించాలన్నారు. ఒకే చానెల్ ఎస్‌డీ, హెచ్‌డీ రూపాలు ఒకే బొకేలో, అంటే ఒకే చానెళ్ల కట్టలో, ఉండకూడదన్నారు. అలా ఒక చానెల్ కాస్తా అధికారికంగా రెండయింది. ఆనాటి పట్టికల్లో కొన్ని ప్రధాన తెలుగు వినోద చానెళ్లకు ఎస్‌డీ ధరా, హెచ్‌డీ ధరా ఒకటే, 19 రూపాయలు. రెండూ ఒకే ధరకు ఇవ్వగలిగినప్పుడు ఇక రెండెందుకన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. సినిమా హాల్లో నేల టికెట్టుకూ బాల్కనీ టికెట్టుకూ తేడా కుర్చీలో ఉంటుంది; తెరమీద బొమ్మ అందరికీ ఒకటే. టీవీ దగ్గరకొచ్చేసరికి ఆ మర్యాద కూడా పోయింది. భాష విషయంలో ఇది మరీ అన్యాయం. తెలుగు వ్యాఖ్యానంతో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు 2018 చివర్లో వచ్చింది. దాని హెచ్‌డీ రూపం 2023లో గానీ రాలేదు. నాలుగేళ్లకు పైగా టీవీలో ఆ చానెల్ వ్యాఖ్యానం కావాలంటే మసక బొమ్మ, తేట బొమ్మ కావాలంటే వేరే భాష.

ఆపరేటర్లు చెప్పే అభ్యంతరంలో నిజం లేకపోలేదు. హెచ్‌డీ ఎక్కువ చోటు తింటుంది. కేబుల్‌లో 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో అరలో సెకనుకు దాదాపు 38 మెగాబిట్లు పడతాయి. అందులో ఎస్‌డీ చానెళ్లు ఎక్కువ, హెచ్‌డీవి తక్కువ ఇముడుతాయి. ఒక హెచ్‌డీని రెండుగా లెక్కించడం వెనక ఉన్న తర్కం ఇదే. కానీ బొమ్మను కుదించే ఎంపెగ్-4 పద్ధతి పాత ఎంపెగ్-2తో పోలిస్తే దాదాపు సగం చోటులోనే అదే నాణ్యత ఇస్తుంది. అసలు వృథా ఎక్కడుందంటే, రాత్రి ఎనిమిదింటికి అదే సీరియల్‌ను అదే తీగలో, అదే క్షణంలో రెండుసార్లు పంపడంలో ఉంది. ఎస్‌డీ జంటను తీసేస్తే మిగిలే చోటు హెచ్‌డీకే దక్కాలి. అందుకే ఒక్క ప్రసారం చాలనడంతో పాటు, దానికి ఇన్ని మెగాబిట్లకు తగ్గకూడదన్న కనీస కొలత కూడా కావాలి. లేకపోతే ఇరవై లక్షల చుక్కలున్నా బంతి బౌండరీకి పరిగెత్తేసరికి పచ్చిక గళ్లుగళ్లుగా విడిపోతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం పేదవాళ్ల గురించి. ఎస్‌డీని ఆపేస్తే సిద్ధిఖ్‌నగర్, అంజయ్యనగర్ ఇరుకు గదుల్లో పాత టీవీ పెట్టుకున్న కూలీల గతేమిటి? రంగుల కాలంలోలా పాత పెట్టె తనంతట తాను సర్దుకోదు. హెచ్‌డీ ప్రసారాన్ని ఎస్‌డీ బాక్సు చదవలేదు. కాబట్టి రాత్రికి రాత్రి మీట నొక్కమని ఎవరూ అనరు. అయితే పాత టీవీ పారేయక్కర్లేదు. హెచ్‌డీ బాక్సుల్లో చాలావాటికి ఆ పసుపు తీగ పెట్టుకునే చోటు కూడా ఉంటుంది. బొమ్మను కుదించి పాత తెరకు పంపే పని బాక్సే చూసుకుంటుంది. 2013లో బిగించిన పెట్టెలకు ఎలాగూ ఆయుష్షు తీరుతోంది. ఫలానా తేదీ తర్వాత కొత్తగా ఇచ్చే, మార్చి ఇచ్చే ప్రతి బాక్సూ హెచ్‌డీదే కావాలని నిబంధన పెడితే చాలు, మూడు నాలుగేళ్లలో పాతవి తగ్గిపోతాయి. రుసుము లేని డీడీ ఫ్రీ డిష్‌ను ఈ మార్పులో చివర ఉంచవచ్చు. పేదల పేరు చెప్పి నాసిరకాన్ని శాశ్వతం చేయడం మాత్రం పేదలకు చేసే మేలు కాదు.

‘సైబరాబాద్‌లో ఇంకా కేబుల్ ఎవరు చూస్తున్నారు, అందరూ ఓటీటీకి పోయారుగా’ అనేవాళ్లూ ఉన్నారు. 2017లోనే ఈ నగరంలో ఏసీటీ సంస్థ సెకనుకు ఒక గిగాబిట్ ఇంటర్నెట్ తెచ్చిందన్నది నిజం. కానీ ఓటీటీలో నచ్చింది వెతుక్కోవాలి, నెలనెలా యాప్‌కో చందా కట్టాలి, అన్నిటికన్నా ముందు మంచి నెట్ ఉండాలి. ఊరి నుంచి కొడుకింటికి వచ్చిన తల్లికి కావలసింది నంబరు నొక్కగానే వచ్చే సీరియల్. వాచ్‌మన్‌కు కావలసింది డేటా అయిపోతుందన్న భయం లేని మ్యాచ్. స్థోమత ఉన్నవాళ్లు వేరే దారి చూసుకున్నారని మిగిలినవాళ్ల దారిని గుంతలతో వదిలేయడం న్యాయం కాదు.

ఈ పని చేసి చూపినవాళ్లున్నారు. స్పెయిన్ 2024 ఫిబ్రవరిలో యాంటెన్నాతో అందుకునే టీవీలో ఎస్‌డీ ప్రసారాలకు స్వస్తి చెప్పింది. అదే ఏడాది జనవరిలో బీబీసీ ఉపగ్రహంలో తన ఎస్‌డీ ప్రసారాలు మూసేసింది. రెండుచోట్లా ప్రేక్షకులకు ముందుగా చెప్పి, గడువిచ్చి చేశారు. మనకూ అదే దారి: హెచ్‌డీ బాక్సులు, జంట చానెళ్ల విలీనం, కనీస కొలత, ప్రకటించిన గడువు. గచ్చిబౌలి అపార్టుమెంటు పదో అంతస్తుకూ, కింద వాచ్‌మన్ గదికీ వెళ్లే కేబుల్ ఒకటే. పైన కనిపించే హెచ్‌డీ బొమ్మ ఆ తీగలో కింది గది గోడ దాకా ఇప్పటికే వచ్చి ఉంది. దాన్ని తెరమీదకు రానివ్వనిది ఓ పాత పెట్టె, ఓ ధరల పట్టిక.