స్త్రీల స్థూలకాయము: గృహస్థుల బాధ్యత

తెలంగాణమున స్త్రీలు చిక్కిపోవుచున్నారా, స్థూలించుచున్నారా? రెండును నిజమే. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల మన స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువు గలవారుగా తేలిరి. 2015-16 నాటికంటె ఈ సంఖ్య హెచ్చినది. నూటికి 19 మంది తక్కువ బరువు గలవారు. సుమారు 58 మంది రక్తహీనులు. కడుపు నిండుచున్నను దేహమునకు పోషణము చాలుట లేదని యీ లెక్కలు చాటుచున్నవి.

లావైన స్త్రీని చూచి తిండిపోతని నవ్వువారు కలరు. వారు ఆమె పళ్లెమును ఎన్నడైన చూచిరా? పప్పు, కూర, గ్రుడ్డు ముందు కూర్చున్నవారికి. మిగిలిన అన్నము, అడుగంటిన పులుసు ఆమెకు. ఇది తిండిపోతుతనము గాదు, పంపకమునందలి అన్యాయము.

మన పూర్వుల ఆహారము జొన్నరొట్టె, గటక. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. 2025 నుండి తలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగ లభించుచున్నది. ఆకలి దీర్చిన పథకమును మేము నిందింపము. కాని తెల్లనన్నముతోడనే సరిపెట్టుట తగదు; చౌకధరల దుకాణమున కందిపప్పు, జొన్నలును చేరవలెను. రోలు, తిరుగలి పోయినవి, మంచిదే. అయినను ఆ మిగిలిన కాలము ఆమెకు దక్కలేదు, వేఱుపనులు దానిని మ్రింగినవి.

ఎత్తునుబట్టి బరువును గణించు సూచిక 25 దాటిన అధిక బరువందురు. ఆసియావాసులకు 23 నుండియే మధుమేహాది రోగముల ముప్పు పెరుగునని 2004లో ప్రపంచారోగ్యసంస్థ నిపుణులు హెచ్చరించిరి. వారమునకు 150 నిమిషముల వ్యాయామమైనను వలయునని ఆ సంస్థయే 2020లో చెప్పినది. అనగా వారమున అయిదు దినములు, దినమునకు అరగంట నడక. ఆ అరగంట ఆమెకెక్కడ? చీకటిపడిన వీథిలో ఒంటరిగ నడువుమనుట హితవు గాదు. సుబేదారిలో విశ్వవిద్యాలయ కళాశాలకు ప్రాంగణమున్నది. అట్టి స్థలములలో ప్రాతఃసాయంకాలములందు స్త్రీలు నిర్భయముగ నడచుటకు వెలుతురు, కాపలా, మరుగుదొడ్లు ఏర్పఱుపుమని అధికారులను కోరుచున్నాము. బరువు తూచుచోట రక్తపరీక్షయు జరుగవలెను.

పఠనమందిరమున తీరికగ దీనిని చదువు సోదరులారా! ఈ తీరిక మీ కెవరు సమకూర్చిరి? రేపటినుండి అరగంట ఇంటిపని మీరు వహింపుడు. ఆమెతో కూర్చుండి ఒకే పంక్తిని భుజింపుడు. ప్రభుత్వము చేయవలసినది కొంత ఆలస్యమైనను, ఇది నేడే చేయదగినది.