కుట్టు కాదు... పెంటికలు చూడండి!

పిల్లలు ముచ్చట పడ్డారని జత కుందేళ్లు తెస్తారు. రెండూ ఆడవేనని అమ్మినాయన గట్టిగా చెబుతాడు. కొన్ని నెలలు తిరిగేసరికి గంపలో మెత్తటి బొచ్చు మధ్య ఆరేడు కూనలు! కుందేలు చూలు సుమారు 31 రోజులే. ఈనిన ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. ఆడ కుందేలుకు గర్భసంచి తీయించమని డాక్టర్లు చెప్పేది ఇందుకొక్కటే కాదు. వయసు మీదపడే కొద్దీ వీటికి గర్భసంచి క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటిన వాటిలో సగానికి పైగా దీని బారిన పడతాయి.

చిత్తూరు జిల్లా పాడికి పేరు. పూతలపట్టు లాంటి మండల కేంద్రాల్లో పశువుల ఆస్పత్రి అంటే ముందు ఆవు, తర్వాత గొర్రె, మేక. కుందేలుకు ఆపరేషన్ అంటే ఇక్కడివాళ్లు తిరుపతి వైపు చూడాల్సిందే. అక్కడి పశువైద్య కళాశాల 1955 నాటిది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ అక్కడే ఏర్పాటైంది. ఎక్కడికి వెళ్లినా, కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న డాక్టరు ఎవరో ముందే వాకబు చేసుకోవాలి. కుక్కకు, పిల్లికి చెప్పే ‘రాత్రి నుంచి పస్తు ఉంచండి’ అనే మాట కుందేలుకు చెల్లదు. అది వాంతి చేసుకోలేదు. పైగా కడుపు ఖాళీగా ఉంటే దాని పేగులు మొరాయిస్తాయి.

అసలు పరీక్ష ఇంటికొచ్చాకే

ఇంటిల్లిపాదీ వంగి వంగి చూసేది పొట్ట మీది కుట్టునే. కుట్టు చూడాల్సిందే. వాపు, చీము, రక్తం ఉన్నాయేమో ఉదయం, సాయంత్రం గమనించాలి. కానీ ఆపరేషన్ బాగా జరిగిన కుందేలును కూడా ప్రమాదంలో పడేసేది మరొకటి ఉంది. అదే తిండి మానేయడం! కుందేలు పేగులు నిత్యం కదులుతూ ఉండాలి. నొప్పితోనో, బెదురుతోనో అది మేత ముట్టకపోతే కదలిక ఆగుతుంది. లోపల గ్యాస్ పట్టేస్తుంది. ఆ బాధకు ఇంకా తినదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే బోనులో పాత గుడ్డో, కాగితమో పరిచి పెంటికలు చూస్తుండాలి. మొదటి రోజు తగ్గడం సహజం. మర్నాటికి మళ్లీ పడాలి. పన్నెండు గంటలైనా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ఆయన చెబితేనే మెత్తటి మేతను సిరంజితో, బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాలి. ఊరించడానికి గరికను మించింది లేదు. కాణిపాకం వినాయకుడికి సమర్పించే గరికే! అయితే మందు కొట్టిన మామిడి తోటల్లోది కోయకూడదు. గుప్పెడు కొత్తిమీర కలిపితే ఆ వాసనకైనా మూతి కదుపుతుంది.

నొప్పి దాచుకుంటుంది

పొలంలో చెవులపిల్లి కుంటుతూ కనిపిస్తే నక్క వదులుతుందా? పెంపుడు కుందేలుదీ అదే భయం. అరవదు, మూలగదు. మూలన ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు నూరుతుంటే నొప్పి ఉన్నట్టే. డాక్టరు రాసిన నొప్పి మందును ‘బాగానే ఉందిలే’ అని మధ్యలో ఆపకూడదు. మనం వేసుకునే మాత్రలు ముక్క చేసి ఇవ్వడం ఇంకా తప్పు. మనకు మామూలైన అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు కడుపులోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, దాని ప్రాణమే పోవచ్చు.

పది రోజుల పథ్యం

మత్తు దిగే దాకా ఒళ్లు చల్లబడకుండా చూడాలి. ఆ తర్వాత చల్లటి, గాలి ఆడే చోటు కావాలి. కుందేలుకు చెమట పట్టదు. చెవుల ద్వారానే వేడిని వదులుకుంటుంది. మన ఎండలకు రేకుల షెడ్డు పనికిరాదు. వారం పది రోజులు మంచాలు, మెట్లు ఎక్కనివ్వకూడదు. స్నానం చేయించకూడదు. ఈగలు వాలితే పుండులో పురుగు పడుతుంది కాబట్టి పడక రోజూ మార్చాలి. చెవులు పట్టి ఎత్తడం అసలే వద్దు. ఒక చేయి ఛాతీ కింద, మరో చేయి వెనక కాళ్ల కింద ఆనించాలి.

జతలో మగది ఉంటే కుట్లు మానే దాకా జాలీకి అవతల ఉంచాలి. వాసన తెలుస్తుంటే ఆడదానికి బెంగ ఉండదు. మగదానికి ఆపరేషన్ చేయించినా నాలుగు నుంచి ఆరు వారాల వరకు పిల్లలు పుట్టించే శక్తి మిగిలే ఉంటుంది. ఇంట్లో ఆపరేషన్ కాని మరో ఆడది ఉంటే అన్నాళ్లూ వేరుగా పెట్టాల్సిందే.

ఆస్పత్రి నుంచి బయల్దేరే ముందు డాక్టరును ఒక్క మాట అడగాలి... ‘రాత్రిపూట, సెలవు రోజు ఎవరికి ఫోన్ చేయాలి?’ అని. శనివారం రాత్రి మేత మానేసిన కుందేలుకు సోమవారం దాకా వ్యవధి ఉండకపోవచ్చు.