మేకుకు మిగిలిన చెంచా

ఉదయగిరి దుర్గం నీడలో ఓ పాత పెంకుటిల్లు. ఆ ఇంటి వంటగది గోడకో మేకు. మేకుకు ఒక కొయ్య చెంచా. దాన్ని దించాలా, వద్దా? ఆత్మకూరులో ఉన్న కోడలి వరస ఆడవాళ్లకీ, కువైట్‌లో ఉన్న కుర్రాడికీ మధ్య ఈ ఒక్క మాట మీదే ఏడాదిగా ఫోన్లు నడుస్తున్నాయి.

చెంచా ఖాలాది. ఖాలా అంటే అమ్మ తోడబుట్టినది... పెద్దమ్మో, పిన్నో. అసలు పేరు రేషన్‌కార్డులో ఉంటే ఉండొచ్చు, వీధిలో మాత్రం చిన్నాపెద్దా అందరికీ ఆమె ఖాలానే. తొంభై దాటాక కన్నుమూసింది. పాతికేళ్లు నిండీ నిండకుండానే భర్త పోతే, చెల్లెలి పిల్లలు నలుగురినీ తన పిల్లల్లా పెంచింది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే అచ్చమైన నెల్లూరు తెలుగు. బతుకుతెరువు కొయ్య చెంచాలు.

ఉదయగిరి అనగానే చాలామందికి 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట గుర్తొస్తుంది. కోట కింది ఇళ్లలో మాత్రం ఆకురాయి చప్పుడే చరిత్ర. నర్ది, బిక్కి లాంటి కొండచెట్ల కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఈ పనిలో ముస్లిం కుటుంబాల ఆడవాళ్లే ఎక్కువ. ఉదయగిరి కొయ్య చెంచాకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుర్తింపు చెంచాకు వచ్చింది సరే, చేసే చేతులకు మిగిలిందెంత అన్నది వేరే లెక్క!

ఖాలా ఇంటి పద్ధతులన్నీ ఆ చెంచా చుట్టూనే తిరిగేవి. రంజాన్ నాడు షీర్ ఖుర్మా కొయ్య చెంచాతోనే తినాలి, స్టీలుది తెస్తే గిన్నె వెనక్కి తీసుకునేది. మొదటి గిన్నె పక్కింటి రెడ్లకు వెళ్లాకే ఇంట్లోవాళ్లకు. అనుమసముద్రంపేట దర్గా గంధానికి వెళ్లినా, పెళ్లి పిలుపులకు వెళ్లినా సంచిలో రెండు చెంచాలు ఉండాల్సిందే.

అన్నిటికంటే పెద్దది రొట్టెల లెక్క. మొహర్రం వచ్చిందంటే ఖాలా బస్సెక్కేది. ఆత్మకూరులో చెల్లెలి ఇంట రాత్రి ఉండి, మర్నాడు నెల్లూరు బారాషహీద్ దర్గాకు. పన్నెండు మంది అమరవీరుల సమాధులున్న చోటు కాబట్టి ఆ పేరు. పక్కనే స్వర్ణాల చెరువు. కోరిక ఉన్నవాళ్లు ఆ నీళ్లలో నిలబడి రొట్టె అందుకుంటారు. తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరికతో ఉన్న మరొకరికి రొట్టె ఇవ్వాలి. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె... కులమూ మతమూ అడిగేవాళ్లుండరు, ఏ రొట్టె అన్నదొక్కటే అడుగుతారు.

ఖాలాకు అక్షరం రాదు. అందుకే ఎవరి కోసమైనా రొట్టె తీసుకుంటే ఇంటికి రాగానే ఓ చెంచాను మేకుకు తగిలించేది. కోరిక తీరి, రొట్టె తిరిగిచ్చి వచ్చాక దాన్ని దించి, ఆ బిడ్డ చేతిలో పెట్టేది. ‘అన్ని అప్పులూ మాఫీ అవుతాయి, రొట్టె అప్పు కాదు’ అనేది. ఒకప్పుడు ఆ మేకుకు అయిదారు చెంచాలు వేలాడేవని ఆత్మకూరులో ఉండే చెల్లెలి కూతురికి గుర్తు. పదో తరగతి గట్టెక్కినప్పుడు దించిన చెంచా ఆమె దగ్గర ఇప్పటికీ ఉంది.

ఖాలా పోయేనాటికి మిగిలింది ఒక్కటే. ఎవరిదది? కువైట్ వీసా కోసం తీసుకున్నదని కుర్రాడి నమ్మకం. కాదు, నా కూతురి సీటు కోసమని చెల్లెలి కూతురి వాదన. ఇద్దరికీ కావాల్సింది దక్కింది కాబట్టి రొట్టె ఇచ్చేసి చెంచా దించేద్దామనుకున్నారు.

కుర్రాడికి ఇంకో కారణమూ ఉంది. అతను పనిచేసే బేకరీలో లెబనాన్ ఆయనొకడున్నాడు. వాళ్లూ పెద్దమ్మను, పిన్నిని ‘ఖాల్తో’ అనే అంటారట, మాట పుట్టిల్లు అరబ్బీ కదా! పండక్కి రవ్వపిండిలో ఖర్జూరం కూరి, చెక్కడపు పని ఉన్న కొయ్య అచ్చులో అదిమి, టక్కున కొట్టి ‘మామూల్’ అనే బిస్కట్లు చేస్తారు. వాళ్ల ఖాల్తో పోయినా ఏటా ఆమె అచ్చు దించి వాడుతున్నారు. ‘వాడకపోతే అది ఉత్త కర్రముక్కే’ అన్నాడట. కుర్రాడికి ఆ మాట నాటుకుంది.

తీరా చెంచా దించి, చేతిలోకి తీసుకుని చూస్తే... అది కొత్తది కాదు. కట్టెల పొయ్యి పొగ పట్టి నల్లగా ఉంది. ఆ ఇంట్లోకి గ్యాస్ వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది. అంటే వీసాదీ కాదు, సీటుదీ కాదు. చెల్లెలి కూతురు ఆ చెంచా పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. నలుగురికీ చదువులు, పెళ్లిళ్లు, కాన్పులు అన్నిటికీ నీళ్లలో నిలబడిన మనిషి... తన కోసం ఎప్పుడైనా ఒక్క రొట్టె అడిగిందా? ఏం అడిగింది? నీకేం కావాలి ఖాలా, అని ఆ ఇంట్లో ఒక్కరూ అడిగిన గుర్తు లేదు.

చెంచా మళ్లీ మేకుకే వెళ్లింది.

పోయిన మొహర్రంకు ఆమె ఒక్కతే రొట్టెలు కాల్చుకుని స్వర్ణాల చెరువుకు వెళ్లింది. ఏ రొట్టె అని అరవాలో తెలియక మోకాటిలోతు నీళ్లలో ఊరికే నిలబడింది. కావలి నుంచి వచ్చిన ఓ పిల్ల దగ్గరికొచ్చి, ‘చదువు రొట్టేనా అక్కా? మీకు తీరిందా?’ అని అడిగింది.

‘మా ఇంట్లో తీరినవి చాలా ఉన్నాయిలే అమ్మా, పట్టు’ అని రొట్టె చేతిలో పెట్టింది.