తీరిక వేళ: ఓడ దిగి విశాఖపట్టణంలో ఒక పగలు

ఓడ ప్రయాణమంటే మన ఇళ్ళలో ఇంకా దొరలు చేసే పని అనే అభిప్రాయం పోలేదు. వర్తూరులో కాపురముండే వారికి సముద్రంతో పనేమిటని అడిగినవారూ ఉన్నారు. పని లేకేమి? మన చెరువు నీళ్ళు అలుగు పారి, దక్షిణ పినాకినిలో పడి, తమిళదేశం దాటి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తున్నాయి. (ఆ నీటి మీద తేలే నురుగు మాట ఇక్కడ ఎత్తను. అది మరొక నెల.) నీళ్ళు వెళ్ళిన చోటికి మనుషులం వెళ్ళకూడదా?

2022 జూన్‌లో చెన్నపట్నం నుండి ఎంప్రెస్ అనే విహారనౌక విశాఖపట్టణం వచ్చినది మొదలు ఈ దారి మన వాళ్ళకూ తెలిసింది. 2023 సెప్టెంబరులో అక్కడి రేవులో విహారనౌకల ప్రయాణీకుల కోసమే ఒక పెద్ద భవనం కూడా తెరిచారు. చెన్నై దాకా రైలు, అక్కడ ఓడ, ఒక పగలు విశాఖలో, మళ్ళీ ఓడ. 2025 జూలైలో మేము వెళ్ళినది ఈ వరుసనే.

ఇక అసలు చిక్కు: ఆ ఒక్క పగలూ ఏం చేయాలి? ఓడ దిగగానే బండ్లవాళ్ళు చుట్టూ మూగి సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి, ఋషికొండ, భీమిలి అన్నీ ఒక్క గుక్కలో ఏకరువు పెడతారు. అన్నీ చూపిస్తామంటారు. చూపిస్తారు కూడా, బండి కిటికీలోంచి! పెండ్లి విందులో అన్ని వంటకాలూ వేలితో తాకి లేచిపోయినట్లుంటుంది ఆ చూడటం. సింహాచలం మాటే తీసుకోండి. మన కర్ణాట సామ్రాజ్యాన్ని ఏలిన కృష్ణదేవరాయలు 1516లో ఒకసారి, 1519లో ఒకసారి వచ్చి స్వామిని సేవించినట్లు అక్కడి శాసనాలున్నాయి. అంతటి వారికే రెండు మార్లు కావలసి వచ్చింది, మనకు గంటన్నర చాలునా? చందనం లేని స్వామి నిజరూపం అక్షయతృతీయ నాడే గాని కనబడదు. ఆ కొండకు వేరే రైలు టిక్కెట్టు కొనుక్కుని, తీరికగా వెళ్ళవలసిందే.

నా సలహా ఏమంటే, విశాఖలో చూడవలసిన మొదటి వింత ఓడ దిగకముందే ఉన్నది. తెల్లవారుజామున లేచి పైఅంతస్తులో నిలబడండి. ఎడమ ప్రక్క సముద్రంలోకి ముక్కు సాచుకొని డాల్ఫిన్ కొండ, దానిమీద 1957 నాటి దీపస్తంభం. ఎదురుగా చిన్న కొండలు మూడు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఈ కొండలకూ డాల్ఫిన్ కొండకూ నడుమ సన్నని సందు. లోపలి రేవుకు పోయే ఓడలన్నీ ఆ సందులోంచే దూరాలి.

ఆ సందు వెనక ఒకప్పుడు ఉన్నది ఉప్పుటేరూ బురదానూ. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలని రైలు కంపెనీవారు ఆ బురదను తవ్వించి రేవు చేయించారు. తవ్వడం ఒక యెత్తు, తవ్వినది పూడకుండా కాపాడటం పది యెత్తులు. ఈ తీరం వెంట ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి నిరంతరం నడుస్తూ ఉంటుంది. దానిని అడ్డుకోవడానికి రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి, కావాలనే కొండ ప్రక్కన ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబరులో విల్లింగ్డన్ ప్రభువు లాంఛనంగా ప్రారంభించాడు. ఇసుకను ఇక్కడ ఆపితే ఉత్తరాన ఉన్న సముద్రపుటొడ్డు కోసుకుపోతుంది కదా? అందుకని రేవువారు ఆగిన ఇసుకను తోడి మళ్ళీ ఒడ్డుకే పోస్తున్నారు. రామకృష్ణా బీచిలో పిల్లలు కట్టే పిచ్చుకగూళ్ళలో ఆ తోడిపోసిన ఇసుకకూ పాలున్నది.

మా గుంపులో పదకొండు మందిమి. పిల్లలూ, వారి తండ్రులూ జలాంతర్గామి వైపు పోయారు. కుర్సూరా అనే ఆ నౌక 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకొని, 2002 నుండి బీచి ఒడ్డున ప్రదర్శనశాల అయింది. లోపలి గుండ్రని ద్వారాలలో కాళ్ళు ముడుచుకొని దూరవలసి ఉంటుంది కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు వెలుపలి నుండి చూచి సంతోషించడం మేలు. పిల్లలు మాత్రం రెండు రోజులు దాని మాటే చెప్పారు.

మా వారి మేనమామగారి భార్య, మా అత్తయ్యగారు, దేనికీ రానన్నారు. ఆమెకు ఎనభై యేడేళ్ళు. పుట్టిల్లు టెక్కలి దగ్గర ఒక పల్లె. 1957లో పెండ్లయి బెంగుళూరు వచ్చినది మొదలు సముద్రం చూడలేదు. ఓడ ఎక్కుతానని పట్టుబట్టినది మాత్రం మా అందరికంటె ఆమే. ఎందుకో ఆ ఉదయం గాని తెలియలేదు. పైఅంతస్తులో నా ప్రక్కన నిలబడి ఆ సందు వంకే చూస్తూ, "ఇటు నుండేనా అమ్మాయ్, రంగం ఓడలు పోయేది?" అని అడిగారు.

రంగమంటే రంగూను. ఈనాటి పిల్లలకు ఆ మాటకు అర్థం చెప్పవలసి వస్తున్నది. ఉత్తరాంధ్ర పల్లెల నుండి, గోదావరి ఒడ్ల నుండి వేలకు వేలు కూలికోసం ఆ దేశం పోయారు. కోరంగి రేవు నుండి మొదట వెళ్ళినవారిని బట్టి అక్కడివారు తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచారు. ధాన్యపు మిల్లులలో, రేవులలో మూటలు మోసినది చాలావరకు వారే. అత్తయ్యగారికి రెండేళ్ళప్పుడు, 1940లో, ఆమె నాయన ఈ రేవులోనే ఓడ ఎక్కాడట. మరుసటి ఏడు డిసెంబరు 23న జపానువారు రంగూను మీద బాంబులు వేశారు. లక్షలమంది అడవుల దారిని కాలినడకన బయలుదేరారు. ఎందరో దారిలోనే పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. ఆయన ఆ నడకలో ఉన్నాడో, అసలు బయలుదేరలేదో, కబురు లేదు. వాళ్ళమ్మ చాలా ఏళ్ళు పసుపుకుంకుమలు తీయలేదట.

మేమిద్దరం ఆటోలో పాతపట్నం వెళ్ళాము. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, ఎండా వానా అమ్మవారి మీదనే. అడ్డుతెరా లేదు, భక్తులే స్వయంగా తాకి పసుపుకుంకుమలు పూయవచ్చును. ఎక్కడెక్కడి గుళ్ళలోనో దూరం నుండి తొంగి చూచి వచ్చే ఆడవాళ్ళకు ఈ చనువు ఎంత హాయిగా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. రేవుకు బహు దగ్గర గనుక ఓడ దిగినవారు ఏది మానినా ఇది మానకండి.

ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తూ, "మామ్మా, మీ మాట మా సిక్కోలు మాటలాగే ఉందే, బెంగులూరంటారేటి?" అన్నాడు. అరవై యెనిమిదేళ్ళు కన్నడం మధ్య బ్రతికినా ఆమె యాస చెరగలేదన్నమాట! ఆమె మురిసిపోయి తన కథ చెప్పారు. అతడు బండి ప్రక్కకు ఆపాడు. "మా తాతా రంగం నుండొచ్చినోడే, మామ్మా. మాది బర్మా కేంపు. తీసుకెల్తాను రండి."

కంచరపాలెంలో ఆ పేరుతో ఒక పేట ఉన్నది. 1962లో సైన్యం ప్రభుత్వం చేపట్టి, 1964లో దుకాణాలు వగైరా జాతీయం చేశాక బర్మా నుండి ఓడలలో తిరిగి వచ్చినవారికి ఇచ్చిన చోటు. గడియారం చూచుకుంటే ఓడకు మూడు గంటలున్నాయి. ఇంట్లో మగవాళ్ళను అడిగితే వద్దనేవారే, కాబట్టి అడగలేదు.

ఆ అబ్బాయి నాయనమ్మ అరుగుమీదే కూర్చొని ఉన్నది. అత్తయ్యగారు నాయన పేరూ, ఊరి పేరూ చెప్పారు. ఆమెకు తెలియదు. తెలిసే వీలూ లేదు, ఆమె పుట్టినది యుద్ధం ముగిశాక. "మా అయ్య బతికుంటే చెప్పేవోడేమో" అన్నది. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తరువాత అత్తయ్యగారు, "సరే, నీవు చూచినదే చెప్పు. అక్కడ ఓడ దిగితే ముందేం కనిపిస్తుంది?" అని అడిగారు. ఆమె నదిలోంచి ఓడ రేవుకు రావడం, దూరం నుండే మెరిసే బంగారు పగోడా, బియ్యపు మూటల వాసన, మూటలెత్తేవాళ్ళ తెలుగు కేకలు, వాళ్ళ అయ్య భుజం మీది కాయ, ఒక్కొక్కటే చెప్పింది. అత్తయ్యగారు మధ్య మధ్య ప్రశ్నలు వేశారు. తిండి ఏమిటి? వానలెట్లా? నిద్ర ఎక్కడ? నేను గడియారం చూస్తున్నాను గాని లెమ్మని చెప్పడానికి నోరు రాలేదు. లేచేటప్పుడు ఆమె అత్తయ్యగారికి బొట్టు పెట్టి రవికగుడ్డ ఇచ్చింది. ఆటో అబ్బాయి కిరాయిలో ఆ దారి లెక్క తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చాము.

రేవు గేటు చేరేసరికి పిల్లలు కంగారుగా ఎదురు చూస్తున్నారు. ఓడ కదిలాక ఆమె మళ్ళీ పైఅంతస్తుకు రాలేదు. గదిలో పడుకొని నిద్రపోయారు.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. ఈ ఓడలు ఏడాది పొడుగునా రావు, కొద్ది వారాలే. కనుక టిక్కెట్టు కొనేముందు విశాఖలో ఎన్ని గంటలు ఆగుతుందో అడిగి తెలుసుకోండి. గేటు దగ్గర గుర్తింపు కార్డు, ఓడవారిచ్చిన కార్డు రెండూ చూపాలి. తిరిగి ఎక్కవలసిన వేళ ఓడ కదిలే వేళకంటె బాగా ముందుంటుంది. ఉక్కపోత మన ఊరి వారికి అలవాటు లేనిది కాబట్టి నూలుచీరలే కట్టుకొని, ఒక గొడుగూ మంచినీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి. బురుజుపేటకు వెళ్ళేవారు పసుపు, కుంకుమ ఇంటి నుండే తీసుకుపోవచ్చును.