ఆడపిల్లకి ఆటలెందుకని అడిగేవాళ్లకి

"ఆడపిల్లకి ఆటలెందుకు? కథల పుస్తకాలు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" ఇలా అడిగేవాళ్లని మనం తిరిగి ఒక ప్రశ్న అడగాలి. మగపిల్లవాడి విషయంలో ఈ అనుమానం ఎందుకు రాదు?

చిలమత్తూరు లాంటి కరువు సీమలో బడి వదిలాక ఎవరు ఎటు పోతారో చూడండి. మగపిల్లలు బ్యాటు పట్టుకుని ఎండిన చెరువులోకి పోతారు. ఆడపిల్లలు బిందె పట్టుకుని నీళ్లకి పోతారు, లేదా తమ్ముణ్ణి చంకనేసుకుని పొయ్యి దగ్గరికి చేరతారు. అమ్మ కూలికి పోతే ఇంట్లో అమ్మ పని కూతురిదే. శెనక్కాయలు పీకే రోజుల్లో బడి కూడా మానాల్సిందే. కరువు అందరిదీ అంటారు. కానీ అది ముందుగా మింగేది ఆడపిల్ల తీరికని.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ఆరేళ్లు పైబడిన అందరినీ లెక్కలోకి తీసుకుంది. కూలి దక్కని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేల్చింది. ఈ తేడా పెళ్లితో మొదలవదు. తొక్కుడుబిళ్ల ఆడాల్సిన వయసులోనే మొదలవుతుంది.

ఆట కాలక్షేపం కాదు. ఎదిగే పిల్లలకి రోజుకి కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిందెలు మోస్తోందిగా, అదే వ్యాయామం అనేవాళ్లున్నారు. బిందె మోసే పిల్ల ఆజ్ఞ పాటిస్తుంది. ఖోఖో ఆడే పిల్ల తానే నిర్ణయం తీసుకుంటుంది. "నేను ఔట్ కాలేదు" అని వాదిస్తుంది, ఓడిపోయి మళ్లీ లేస్తుంది. "పరుగెత్తకు, గట్టిగా నవ్వకు, ఒదిగి కూర్చో" అంటూ పితృస్వామ్యం నేర్పిన పాఠాన్ని ఆమె శరీరం మరచిపోయేది మైదానంలోనే. పెద్దమనిషి కాగానే ఆట మాన్పించేది అందుకే.

చదువు సంగతీ అంతే. వాచకం పరీక్ష కోసం, కథల పుస్తకం తన కోసం. చదివిన ఆడవాళ్లు ఏం చేయగలరో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. అక్షరాస్యత తరగతిలో చదివిన ఒక కథ చర్చగా మారి, చర్చ సారా వ్యతిరేక పోరాటమైంది. అక్షరం ఆ తల్లులకి అంత బలమిస్తే, పిల్లలకి ముందే ఎందుకు అందకూడదు?

ఇది ఎవరి దయా కాదు. ఆట, విశ్రాంతి పిల్లల హక్కులని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశం దాన్ని అంగీకరించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి, కథల పుస్తకాలూ పత్రికలూ ఉన్న గ్రంథాలయం ఉండాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. బీరువాకి తాళం కూడా ఉంది!

అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి బారెడ్డి అనూష 2023లో భారత క్రికెట్ జట్టులో ఆడింది. సంతోషమే. కానీ ఒక్క అనూషకి చప్పట్లు కొట్టి మిగతా పిల్లల్ని పొయ్యి దగ్గరికి పంపడం అన్యాయం. ఆడే హక్కు పతకం తెచ్చే పిల్లకే కాదు, ఊరికే పరుగెత్తాలనుకునే పిల్లకీ ఉంది.

అందుకే నీళ్లు, కూలిరేట్లు అడిగే చోటే మనం ఇవీ అడగాలి. బడి మైదానంలో ఆడపిల్లలకి ప్రతిరోజూ ఒక గంట, నేర్పడానికి మహిళా వ్యాయామ ఉపాధ్యాయిని, వాడుకోదగ్గ మరుగుదొడ్డి కావాలి. పుస్తకాలు బీరువా దాటి ఇంటికి రావాలి. చంటిపిల్లల కోసం అంగన్‌వాడీ తల్లి కూలి నుంచి తిరిగొచ్చేదాకా తెరిచి ఉండాలి. ఇంటి గడపకి నీళ్లు రావాలి. ఇంకొకటి, ప్రభుత్వాన్ని కాదు, మన ఇళ్లనే అడగాలి: ఆ బిందె రోజు మార్చి రోజు కొడుకు కూడా ఎత్తాలి.