మాటిమాటికీ లేచే సెగగడ్డలు

ఒక సోదరి తన పన్నెండేళ్ళ కుమారుని గురించి మాకు వ్రాశారు. ఏడాదిగా ముఖం మీదా, తలలోనూ సెగగడ్డలు ఒకటి మానకముందే మరొకటి లేస్తున్నాయట. బంధువుల్లో కొందరు వేడి అంటున్నారు, కొందరు దిష్టి అంటున్నారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తున్నారు. వుజూ నీరు తగిలితే మంటపుడుతుందని బాలుడు నమాజుకే వెనుకాడుతున్నాడు.

ముందుగా వుజూ సంగతి. ప్రయాణంలో తలకు రాయి తగిలి గాయపడిన ఒక వ్యక్తికి గుస్ల్ విధి అయింది. తయమ్ముమ్ సరిపోతుందా అని అతను తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉండగా కుదరదన్నారు. అతను స్నానం చేసి మరణించాడు. తెలియకుండా తీర్పు చెప్పినవారిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎంతో తీవ్రంగా మందలించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సుననె అబూదావూద్‌లో ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం, గడ్డకు నీరు హాని చేస్తే తడిచేత్తో మసహ్ చేయాలి. అదీ హాని అయితే ఆ చోటు వదలి మిగతా ముఖం కడుక్కోవాలి. చీము కారితే మాత్రం వుజూ భంగమవుతుంది.

ఇక వ్యాధి. ఈ గడ్డలకు సాధారణంగా కారణం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు పదిమందిలో ముగ్గురి ముక్కులో ఇది ఉంటుంది. ముక్కు నుండి వేళ్ళకు, వేళ్ళ నుండి వెంట్రుకల కుదుళ్ళకు చేరుతుంది. తువాలు, దిండు గలీబు, దువ్వెన, క్షౌరపు కత్తి ద్వారా ఇంటిల్లిపాదికీ పాకుతుంది. గడ్డ మానినా ఆ నిలవ పోదు. మళ్ళీ లేచేది అందుకే. మామిడిపండును నిందించి ప్రయోజనం లేదు. మస్జిదు గుమ్మం దగ్గర బుట్టలో అందరి కోసం ఉంచే టోపీలున్నాయే, వాటిని ఎవరు, ఎప్పుడు ఉతుకుతారో మాకైతే తెలియదు! బాలునికి సొంత టోపీ, సొంత తువాలు ఉండాలి.

గడ్డను పిండనివ్వకండి. ముఖ్యంగా ముక్కు, పై పెదవి ప్రాంతపు రక్తనాళాలకు పుర్రె లోపలి నాళాలతో సంబంధముంది. అరుదుగానైనా అక్కడి చీము ప్రాణం మీదికి తెస్తుంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, దాన్ని మానండి. గోరువెచ్చని తడిగుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టి, ఆ గుడ్డను వేడినీళ్ళలో ఉతకండి. జ్వరం, కంటి చుట్టూ వాపు, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏడాదిగా వస్తున్నాయి గనుక డాక్టరుకు చూపక తప్పదు. చీము పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించమని అడగండి. అవసరమైతే ముక్కులో రాసే మందు కూడా ఇస్తారు. నొప్పి తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపవద్దు. తలలో పేలు ఉన్నాయేమో చూడండి. గోకిన చోటే పుండ్లు పడతాయి. గడ్డ చుట్టూ జుట్టు రాలితే అది ఫంగస్ కావచ్చు, దాని మందు వేరు. దిష్టికి దుఆ చదవండి, చదివి ఆసుపత్రికి బయలుదేరండి.

ఈలోగా జుహర్ వేళకు బాలుణ్ణి పిలిచి, గడ్డపై తడిచెయ్యి మెల్లగా ఎలా తుడవాలో మీరే చూపించండి.