కొండకి మన కేలండర్ తెలీదు

వేసవి వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతుంది. వెనకాల మంచు కొండ, ముందు ఎర్ర జాకెట్లు వేసుకున్న జంట, కింద పెద్ద అక్షరాల్లో ‘7 రాత్రులు, 8 పగళ్లు, ఫుల్ అడ్వెంచర్’. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉక్కపోతలో ఫ్యాను కింద కూర్చుని ఆ పోస్టర్ చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగుతుందా? మాకూ ఆగలేదు. పోయినేడాది జూన్‌లో పన్నెండు మందిమి డబ్బు కట్టేశాం. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీలో దిగి, రాత్రి బస్సు పట్టుకుని మనాలీ చేరిపోయాం.

మొదటి రోజు సోలాంగ్ లోయ. అబద్ధం ఎందుకు, అంత ఆనందం నేనెప్పుడూ పడలేదు. పారాగ్లైడింగ్‌కి వరసలో నిలబడ్డప్పుడు కాళ్లు వణికాయి. పైలట్ ఒక్కటే చెప్పాడు: ‘నేను పరిగెత్తమంటే పరిగెత్తు, కూర్చోమన్నప్పుడే కూర్చో.’ నాలుగడుగులు పరిగెత్తానో లేదో కాళ్ల కింద నేల లేదు. కింద దేవదారు చెట్లు, దూరంగా మంచు, చెవుల్లో గాలి. దిగాక మా విజయనగరం వాడు గడ్డిలో పడుకుని పది నిమిషాలు లేవలేదు. ‘ఒరే, ఇంకోసారి ఎక్కుతాన్రా’ అన్నాడు.

రెండో రోజు కులూ దగ్గర బియాస్ నదిలో రాఫ్టింగ్. లైఫ్ జాకెట్ బెల్టు గైడే స్వయంగా లాగి బిగించాడు. ఊపిరి ఆడడం లేదంటే నవ్వి ఇంకాస్త బిగించాడు. నీళ్లు ఒంటి మీద పడితే తెలిసింది, అది నీరు కాదు, అప్పుడే కరిగిన మంచు. రోహ్‌తాంగ్ వైపు కొండల్లో పుట్టి, మంచు, గ్లేసియర్లు కరిగిన నీటితో నిండే నది అది. అంత చల్లటి నీళ్లలో పడితే ఈత వచ్చినవాడికి కూడా ముందు ఊపిరి పట్టేస్తుంది. చేతులు కాళ్లు ఆడించడం తర్వాత మాట.

ఒడ్డుకి వచ్చాక బండరాళ్ల మీద ఫొటోలు దిగుదామని నలుగురం నీళ్లలోకి నడిచాం. గైడ్ గట్టిగా అరిచి వెనక్కి పిలిచాడు. మాది ఆంధ్రా అని తెలిశాక మెల్లగా అన్నాడు: ‘మీ వైపు పిల్లలే కదా, 2014లో.’

మాలో ఎవరికీ నోట మాట రాలేదు. 2014 జూన్ 8. హైదరాబాద్‌కి చెందిన ఒక ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు మనాలీ వెళ్తూ, మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ ఒడ్డున ఆగారు. నది మధ్యలో రాళ్లు తేలి ఉన్నాయి, నీళ్లు తక్కువ. ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. ఒడ్డెక్కే టైము దొరకలేదు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వెతుకులాట వారాల తరబడి సాగింది. అప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నాను. టీవీ ముందు మా అమ్మ ఏడవడం గుర్తుంది.

మా ఊరు ఆమదాలవలస దగ్గర, నాగావళి పక్కన. మా ఊళ్లో ఆరేళ్ల గుంటడికి కూడా తెలిసిన సంగతొకటుంది. మనకి ఎండ కాస్తున్నా ఏటికి నీరు రావచ్చు. అవతల ఒడిశాలో రాయగడ వైపు కురిసిన వాన ఇక్కడికి వరదై దిగుతుంది. తోటపల్లి దగ్గర గేట్లెత్తారన్న కబురొస్తే గేదెల్ని ఏట్లోంచి తోలుకొచ్చేస్తారు. అంత తెలిసినవాళ్లం, ఎన్నో రాష్ట్రాలు దాటి వెళ్లి అక్కడి నది నీళ్లలో సెల్ఫీకి దిగిపోయాం. ఊళ్లో ఉన్న బుద్ధిని రైలెక్కేటప్పుడు ఇంటి దగ్గరే వదిలేశామన్నమాట.

గ్లేసియర్ నీటికి ఇంకో లెక్క కూడా ఉంది. పొద్దున్న రాత్రి చలికి మంచు బిగుసుకుని ఉంటుంది కాబట్టి వాగులో నీరు తక్కువ. ఎండెక్కేకొద్దీ కరుగు పెరిగి, మధ్యాహ్నం దాటాక అదే వాగు పొంగుతుంది. అందుకే లాహౌల్ డ్రైవర్లు తెల్లారకుండానే బయల్దేరదామంటారు. మనమేమో టిఫిన్ పది గంటలకి కావాలంటాం.

ఇక మూడో రోజు. అసలు నేను రాయాలనుకున్నది ఈ రోజు గురించే.

పోస్టర్లో ‘మూడో రోజు: మనాలీ నుంచి సర్చూ, టెంట్లలో బస, క్యాంప్ ఫైర్’ అని ఉంది. మనాలీ ఎత్తు రెండు వేల మీటర్ల చిల్లర. సర్చూ సుమారు 4,300 మీటర్లు. ఒకప్పుడు రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగేసరికే సగం రోజు అయిపోయేది. 2020 అక్టోబర్‌లో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక ఆ దారి 46 కిలోమీటర్లు తగ్గింది. చాలా మంచిదే. కానీ దారి తగ్గింది గానీ ఎత్తు తగ్గలేదు. టైము మిగలడంతో టూర్ల వాళ్లు అదే రోజు ఇంకాస్త పైకి తీసుకుపోతున్నారు.

జిస్పాలో భోజనానికి ఆగినప్పుడే మావాడు తల పట్టేస్తోందన్నాడు. నేనే ఒక మాత్ర ఇచ్చి, ‘అందరూ సరదాగా ఉన్నార్రా, మూడ్ పాడు చెయ్యకు’ అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. బారాలాచా కనుమ మీద అందరం మంచులో దొర్లుతుంటే వాడు బండి దిగలేదు. సర్చూ చేరాక రెండుసార్లు వాంతి. రాత్రి పదకొండుకి బాత్రూమ్‌కని లేచినవాడు తాగినవాడిలా తూలాడు.

సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌తో పోలిస్తే ఆ ఎత్తులో అందేది 60 శాతం దాకానే. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా కొండ జబ్బు రావచ్చు. జిమ్ చేసే కుర్రాడనీ కాలేజీ క్రికెట్ కెప్టెననీ చూడదు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, నడక తూలితే, మాట తడబడితే మాత్రం ఇక ఆలోచించకూడదు, కిందికి దిగాల్సిందే. అసలు వైద్యం అదే. సిలిండర్ ఆక్సిజన్ దిగేదాకా ఆదుకోవడానికే.

సర్చూలో చిక్కేమిటంటే, అక్కడి నుంచి దిగాలన్నా ముందు ఎక్కాలి. వెనక్కి వెళ్తే బారాలాచా, 4,800 మీటర్ల పైన. ముందుకెళ్తే అంతకంటే ఎత్తు కనుమలు. ఆ రాత్రి టెంట్లో ఇదే గొడవ. నిర్వాహకుడు ‘పొద్దున్నకి సర్దుకుంటుంది’ అన్నాడు. మాలో కొందరు ‘ఒక్కడి కోసం అందరి డబ్బూ పోవాలా’ అన్నారు. తప్పుబట్టను, మధ్యాహ్నం నేనన్న మాట కూడా అదే కదా. డ్రైవర్ మాత్రం ఎవరితోనూ వాదించలేదు. మా ఇద్దరి బ్యాగులు బండిలో వేసి, సిలిండర్ పెట్టి, స్టార్ట్ చేశాడు. చీకట్లో మళ్లీ బారాలాచా ఎక్కాం. మావాడి తల నా ఒళ్లో ఉంది. ప్రతి మలుపులో పేరు పెట్టి పిలుస్తూ, పలుకుతున్నాడో లేదో చూస్తూ వచ్చాను. తెల్లారేసరికి కేలాంగ్ ఆసుపత్రి చేరాం. మధ్యాహ్నానికి వాడు లేచి, ‘ఇడ్లీ దొరుకుతుందేట్రా’ అన్నాడు. ఏడుపూ నవ్వూ కలిపి వచ్చాయి నాకు.

ఊరొచ్చాక మా బాబాయికి చెప్పాను. ఆయన ఆర్మీలో పనిచేసి వచ్చినవాడు. మా వైపు చాలా ఊళ్లలో అలాంటి బాబాయిలుంటారు. లద్దాఖ్‌లో మూడేళ్లున్నాడు. అంతా విని, ‘మమ్మల్ని లేలో దింపీసి ఆరు రోజులు బరువు పనే సెప్పీవోరు కాదురా. తిను, నీళ్లు తాగు, నెమ్మదిగా నడు. అంతే. ఇంకా పైకి ఎల్లాలంటే మళ్లీ నాలుగు రోజులు. మీరేటి, ఒక్కరోజులో ఎక్కీసినారా?’ అన్నాడు. ఆర్మీ లెక్క అదే. 9 వేల నుంచి 12 వేల అడుగుల దాకా 6 రోజులు, 15 వేల దాకా ఇంకో 4 రోజులు. సర్చూ 14 వేల అడుగులు. తుపాకీ మోసే జవాన్లకి పది రోజులు ఇచ్చే ఎత్తుని మా పోస్టర్ ఒక్క పగటిపూటలో ఇరికించింది.

మేం ఆఫీసులో కొత్త రిలీజ్ చేసేముందు, తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్లాలో రాసుకోకుండా బటన్ నొక్కం. పన్నెండు ప్రాణాల టూర్‌కి మాత్రం ఆ ప్రశ్న అడగనే లేదు. మీరు డబ్బు కట్టేముందు అడగండి. 3 వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరుగుతోందా? మధ్యలో ఖాళీ రోజుందా? బండిలో ఆక్సిజన్ ఉందా? ఒకరికి బాగోకపోతే వెనక్కి తెచ్చే రెండో బండి ఉందా? రాఫ్టు, పారాగ్లైడింగ్ వాళ్ల దగ్గర లైసెన్సు చూపించమనండి. మొహమాటం వద్దు. హిమాచల్‌లో వర్షాల వల్ల జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పారాగ్లైడింగ్ ఆపేస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా ఎగరేస్తానంటే దండం పెట్టి వచ్చేయండి. అన్నిటికంటే ముందు, గ్రూపులో ఎవరైనా తల నొప్పంటే నాలా నోరు మూయించకండి.

మంచు కొండలకి వెళ్లొద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఈ జూన్‌లో మేమిద్దరం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ప్లాన్ మావాడే వేశాడు. మూడో రోజు పక్కన గడిలో వాడు రాసింది ఒక్క మాటే: ‘ఖాళీ’.